కుళాయి గొట్టము – గ్రామారోగ్యము

బిందె చంకనెత్తుకొని స్త్రీలు చెరువు గట్టునకో, ఊరి చివరి బావికో నడచిపోవు దృశ్యము మన గ్రామములలో క్రమముగా అరుదగుచున్నది. 2019 ఆగస్టు 15వ తేదీన జలజీవన్ మిషన్ ప్రకటింపబడిన నాటికి దేశమందలి గ్రామీణ కుటుంబములలో 3 కోట్ల 23 లక్షల కుటుంబములకు మాత్రమే ఇంటి కుళాయి ఉండెను. 2025వ సంవత్సరము నాటికి ఈ సంఖ్య 15 కోట్లకు మించినది. మిగిలిన ఇండ్లకు కూడ నీరు చేర్చుటకై ఈ పథకమును 2028 వరకు పొడిగించుచున్నట్లు 2025 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్టునందు ప్రకటించిరి. మనిషి ఒక్కింటికి దినమునకు 55 లీటర్ల నీరు, అదియును త్రాగుటకు తగిన నీరు, ఇంటి ముంగిటనే అందవలెనన్నది ఈ పథకము ఉద్దేశము.

కుళాయి వచ్చిన ఇంటికి కొలది దినములలోనే మరియొక వస్తువు వచ్చి చేరును. అది గొట్టము. పశువుల తొట్టి నింపుటకు, పెరటిలో గాబు నింపుటకు, వాకిలి కడుగుటకు, బట్టలుతుకు యంత్రమునకు, స్నానపు గదికి, వంటింటిలో గిన్నెలు తోము తొట్టికి, ఇట్లు ప్రతి అవసరమునకును ఒక గొట్టము. ఇది అక్కరలేని వస్తువని ఎవరును అనరు. బిందెలు మోయు శ్రమను తగ్గించిన సాధనమిది. కాని సక్రమముగా తగిలింపని గొట్టము నీటిని వృథా చేయుటయే గాక, ఊరందరు త్రాగు నీటిని చెరపగలదు. లక్షల రూపాయల వ్యయముతో ట్యాంకు కట్టి, శుద్ధిచేసి, భూమిలో పైపులు పరచి తెచ్చిన నీరు చివరి రెండు గజములలో పాడగుట మిక్కిలి విచారకరము.

పంచాయతీ సభ్యులు ఈ విషయమును ఇంటివారి సొంత వ్యవహారమని విడువరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదకొండవ షెడ్యూలునందు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో త్రాగునీరు 11వది. కనుక కుళాయి గొట్టమును గురించి సభ్యులు తెలిసికొనవలసిన విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

గొట్టమునకు రెండు కొనలు

ప్రతి గొట్టమునకును రెండు కొనలుండును. పై కొన కుళాయికిగాని, పైపునకుగాని తగిలియుండును. అచ్చట అతుకు బాగుగా లేనియెడల నీరు కారును. కారిన నీరు కంటికి కనబడును, గచ్చు తడియును, ఇంటివారికి నష్టము తెలియును. కావున నేడో రేపో దానిని బాగుచేయించుకొందురు.

కింది కొన సంగతి వేరు. అది తొట్టిలోనో, డ్రమ్ములోనో, గుంటలోనో పడియుండును. దానివలన కలుగు కీడు కంటికి కనబడదు. అంతేకాదు, గొట్టము వేసినవారు ఒకరైతే, జబ్బుపడువారు మరియొకరు. అందువలననే పై కొనను గురించి ఇంటివారికి నేర్పిన చాలును. కింది కొనను గురించి మాత్రము ఊరంతయు ఒక కట్టుబాటు చేసికొనవలెను.

నీరు వెనుకకు నడచుట ఎట్లు?

పైపులోని నీరు ట్యాంకు నుండి ఇంటికి వచ్చునేగాని, ఇంటి నుండి పైపులోనికి ఏల పోవునని కొందరు అడుగవచ్చును. పీపాలో నుండి డీజిలు తీయుట చూడని రైతుండడు. సన్నని గొట్టమును పీపాలో ముంచి, రెండవ కొనను క్రింద పెట్టి, ఒక్కమారు లోని గాలిని లాగినచో, పిమ్మట ఎవరును లాగకుండగనే డీజిలు పీపా అంచునెక్కి క్రిందికి దిగి పారుచుండును. కుళాయి గొట్టములో జరుగునదియు ఇదియే.

మన గ్రామములలో పెక్కింట కుళాయి నీరు దినమంతయు రాదు. వాటర్‌మన్ ఉదయమున వాల్వు తిప్పి నీరు వదలును. గంటకో, రెండు గంటలకో కట్టివేయును. వాల్వు కట్టిన పిమ్మట పైపులలో మిగిలిన నీరు పల్లపు వీధిలోని ఇండ్లకు దిగిపోవును. అట్లు దిగిపోవునప్పుడు మెరక వీధిలోని పైపులు వట్టివై, లోపల లాగుడు పుట్టును. ఆ సమయమున మెరక వీధిలో ఒక ఇంటి కుళాయి తెరచియున్నదనుకొందము. దాని గొట్టపు కొన కుడితి తొట్టిలో మునిగియున్నదనుకొందము. తొట్టిలోని కుడితిపై గాలి ఒత్తిడి ఎల్లప్పుడును ఉండును. ఆ ఒత్తిడికి నీటిని సుమారు 10 మీటర్ల ఎత్తునకు ఎక్కించు శక్తి కలదు. మూడడుగుల ఎత్తుగల కుళాయి దానికొక అడ్డు కాదు. కుడితి గొట్టములోనికెక్కి, కుళాయి దాటి, భూమిలోని పైపులోనికి దిగిపోవును.

మరునాటి ఉదయమున వాటర్‌మన్ మరల నీరు వదలినప్పుడు ట్యాంకు నుండి వచ్చు మంచినీరు ఈ మురికిని ముందునకు నెట్టుకొనిపోవును. పల్లపు వీధిలోని ఇల్లాలు కుళాయి క్రింద పెట్టిన మొదటి బిందెలోనికి వచ్చునది అదియే. ఆమె యింట గొట్టము లేదు, పశువులు లేవు, తొట్టియు లేదు. ఐనను జబ్బు ఆమె బిడ్డలకు వచ్చును.

ఇంటి కుళాయిని తెరచి ఉంచుట అరుదని తలపరాదు. నీరు ఎప్పుడు వచ్చునో తెలియనందున, వచ్చినప్పుడు తొట్టి దానంతటదియే నిండవలెనని గొట్టమును తొట్టిలో వేసి, కుళాయి తెరచి పొలమునకు పోవుట పెక్కు ఇండ్లలో అలవాటు. కొన్నియిండ్లకు పైపు వచ్చినదేగాని, దాని కొనకు కుళాయియే లేదు. మరికొందరు నీరు ధారగా వచ్చునని వీధిమట్టమునకు దిగువగా గుంట త్రవ్వి, అందులో పైపును కోసి పట్టుకొందురు. వర్షము కురిసినప్పుడు ఆ గుంటలోనికి మురుగు చేరును. పైపు నోరు ఆ మురుగులో మునుగును. వీటన్నింటిలోను అపాయమొక్కటే.

ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలుపుచున్నాము గదా, క్రిములు చావవా యని ప్రశ్నింపవచ్చును. ఇంటి కుళాయి వద్ద లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని త్రాగునీటిని గూర్చిన భారతీయ ప్రమాణము తెలుపుచున్నది. శుభ్రమైన నీటిలో చేరిన స్వల్పమైన మాలిన్యమునకు ఈ క్లోరిను కాపు. కాని కుడితి, పేడ, మురుగు వంటివి చేరినప్పుడు ఆ కొలది క్లోరిను వాటితోనే ఖర్చయిపోవును. క్రిములను చంపుటకు మిగులదు.

1969లో జరిగిన ఒక ఉదంతము

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. దూరదేశమున జరిగినదైనను, నీటి స్వభావము ఎచ్చటనైనను ఒకటియే గనుక, ఈ ఉదంతము మనకును పనికివచ్చును. అమెరికా దేశమున మసాచుసెట్స్ రాష్ట్రమందలి వూస్టర్ నగరమున హోలీ క్రాస్ కళాశాల కలదు. 1969వ సంవత్సరము ఆగస్టు చివర ఆ కళాశాల ఫుట్‌బాల్ జట్టువారు మైదానమున సాధన చేయుచు, అచ్చటి కుళాయి నీరు త్రాగిరి. సుమారొక నెల గడచినంతనే వారిలో ఒక్కొక్కరికి కామెర్లు పొడచూపినవి. జట్టునకు చెందిన 97 మందిని పరీక్షింపగా 90 మందికి ఆ వ్యాధి సోకినట్లు తేలెను. రెండు ఆటలు మాత్రమే ఆడి, ఆ యేటి మిగిలిన ఆటలన్నింటిని మానుకొనవలసివచ్చెను.

విచారణలో తేలిన కారణమిది. మైదానమును తడుపుటకు వేసిన నీటి గొట్టముల నోళ్లు నేలలో గుంటలలో నుండెను. ఆ సమీపమున ఆడుకొను పిల్లలలో కొందరికి కామెర్లుండెను. వారివలన గుంటలలోని నీరు చెడెను. నగరమున ఒకచోట ఇల్లు తగులబడగా, మంటలార్పువారు పైపుల నుండి మిక్కుటముగా నీరు లాగిరి. మైదానపు పైపులో ఒత్తిడి తగ్గి, గుంటలలోని చెడునీరు వెనుకకు పైపులోనికి పోయెను. పిమ్మట ఆటగాండ్రు త్రాగు కుళాయికి చేరెను.

నీటి సరఫరా చక్కగా నున్న నగరమున, ఏదో ఒకనాడు ఒత్తిడి తగ్గినందులకే ఇంత జరిగినది. మన గ్రామములలో ఒత్తిడి దినదినమును తగ్గుచునే యుండును. ఈ వ్యాధి సోకిన పిమ్మట బయటపడుటకు రెండు వారముల నుండి ఏడు వారముల వరకు పట్టును. అంతలో తొట్టి కడుగబడును. గొట్టము మరియొకచోటికి మారును. కారణము వెదకబోవు నాటికి ఆనవాలుండదు. అప్పుడు జనులు ట్యాంకును నిందింతురు, వాటర్‌మన్‌ను నిందింతురు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లగును.

పై కొన: అతుకు సక్రమముగా నుండుట

ఇండ్లలో వాడు గొట్టములు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది పెరటి కుళాయికి తొడుగు రబ్బరు లేక ప్లాస్టిక్ గొట్టము. రెండవది ఇంటిలోపలి పైపునుండి వంటింటి కుళాయికో, ముఖము కడుగుకొను తొట్టికో నీరు చేర్చునట్టి పొట్టి కనెక్షన్ పైపు. దీనికి రెండు కొనలయందును నట్లుండును. లోపల రబ్బరు గొట్టము, పైన ఉక్కు తీగల అల్లిక ఉండును.

కొనుటకు ముందు కొలత తెలిసికొనవలెను. అరంగుళము పైపు అనగా దాని మర అరంగుళము వెడల్పు ఉండునని పలువురు పొరబడుదురు. అరంగుళపు పైపు మరను బయటనుండి కొలిచినచో సుమారు 21 మిల్లీమీటర్లుండును. ముప్పావు అంగుళపు మర సుమారు 26 మిల్లీమీటర్లుండును. స్కేలుతో కొలిచి అంకె చెప్పి కొన్న నట్టు సరిపడదు. పాత నట్టునో, పాత కుళాయినో అంగడికి తీసికొనిపోయి చూపుట ఉత్తమము.

కనెక్షన్ పైపును బిగించు విధము ఇది:

1. మొదట ఇంటిలోనికి నీరు వచ్చు కాక్‌ను కట్టివేసి, కుళాయి తెరచి, పైపులో మిగిలిన నీటిని, ఒత్తిడిని పోగొట్టవలెను.

2. పైపు మరపై నున్న పాత టేపు, తుప్పు, సున్నపు పొర గుడ్డతోను, తీగ బ్రష్షుతోను శుభ్రము చేయవలెను.

3. గోడలోని పైపునకు యాంగిల్ కాక్ బిగించునప్పుడు దాని మరకు టెఫ్లాన్ టేపు చుట్టవలెను. పైపు కొనను మనవైపునకు త్రిప్పి చూచినప్పుడు గడియారపు ముల్లు తిరుగు దిక్కుననే టేపు చుట్టవలెను. ఎదురు దిక్కున చుట్టినచో బిగించుకొలది టేపు ఊడివచ్చును.

4. కనెక్షన్ పైపు నట్టు లోపల రబ్బరు వాషరుండును. అచ్చట నీటిని ఆపునది వాషరేగాని, మర కాదు. కావున ఆ నట్టునకు టేపు అక్కరలేదు. వాషరు ఉన్నదా, వంకర లేకుండ కూర్చున్నదా యని చూడవలెను.

5. నట్టును ముందు చేతితో తిప్పవలెను. మర సూటిగా పడినచో తేలికగా తిరుగును. చేతితో గట్టిపడిన పిమ్మట స్పానరుతో పావు చుట్టు, మించినచో అర చుట్టు చాలును. అంతకుమించి బిగించినచో వాషరు నలుగును. ప్లాస్టిక్ నట్టైనచో చిట్లును. బిగించునప్పుడు రెండవ స్పానరుతో కాక్‌ను కదలకుండ పట్టుకొనవలెను. లేనియెడల గోడలోని అతుకు సడలును.

6. గొట్టము మెలిక పడరాదు. నట్టు ప్రక్కనే మడతపడరాదు. బిగుతుగా లాగబడియు ఉండరాదు. పొడవు చాలనిచో పొడుగాటిది కొనవలెనేగాని లాగి తగిలింపరాదు.

7. నీటిని మెల్లగా వదలి, అతుకుల చుట్టు పొడి కాగితముతో తుడిచి, పది నిమిషములు వేచి చూడవలెను. కాగితము తడిసినచో ఇంకను పావు చుట్టు బిగింపవలెను. అప్పటికిని కారుచున్నచో విప్పి వాషరు మార్చవలెను. మరునాడు మరల ఒక్కమారు చూచుట మంచిది.

ప్లాస్టిక్ పైపులయందు ఒక జాగ్రత్త కలదు. వేడినీటికి వాడు సీపీవీసీ పైపులకు, చన్నీటికి వాడు యూపీవీసీ పైపులకు అతుకు జిగురు వేరువేరుగా నుండును. ఒకదానికి బదులు మరియొకటి వాడరాదు. కుళాయి బిగించుచోట ఇత్తడి మర కలిగిన అతుకు ముక్కను వాడినచో చిట్లుట తగ్గును. మరుగుదొడ్డి కడుగు యాసిడ్లు, బ్లీచింగ్ పౌడరు గొట్టము ప్రక్కన మూతలేకుండ ఉంచినచో వాటి ఆవిరికి ఉక్కు తీగలు సైతము తుప్పుపట్టి తెగును. అల్లికపై తుప్పు మచ్చలుగాని, ఉబ్బుగాని కనబడిన గొట్టమును తెగువరకు వేచియుండక మార్చివేయవలెను.

పెరటి కుళాయికి వాడు గొట్టమునకు గాట్లుగల నాజిల్ కుళాయి మేలు. గొట్టపు కొనను వేడినీటిలో కొంచెము సేపుంచి మెత్తబరచి, గాట్లన్నియు దాటునట్లు తొడిగి, పైన క్లిప్పు వేసి బిగింపవలెను. సైకిలు ట్యూబు ముక్కలతోను, కట్టుతీగతోను కట్టిన అతుకు నీటి జోరునకు నిలువదు. త్రాగునీటి బిందెను మాత్రము గొట్టముతో నింపక, నేరుగా కుళాయి క్రింద పట్టుకొనవలెను. ఎండలో పడియున్న గొట్టములో నిలిచిన నీరు వేడెక్కి, లోపల పాకుడు పట్టును.

కింది కొన: గాలి ఎడము

ఇంతవరకు చెప్పినది పై కొన సంగతి. కింది కొనకు సూత్రమొక్కటే: గొట్టపు నోరు నీటిలో మునుగరాదు. నీరు పడు నోటికిని, తొట్టి అంచునకును నడుమ గాలి ఉండవలెను. పైపు రంధ్రపు వెడల్పునకు రెండు రెట్లు, ఎంత తగ్గినను ఒక అంగుళమైనను ఎడముండవలెనని నియమము. నోరు గాలిలో నున్నప్పుడు పైపులో లాగుడు పుట్టినను లోనికి పోవునది గాలియేగాని, తొట్టిలోని కుడితి కాదు. ఈ ఎడము తొట్టిలోని నీటి మట్టమునకు గాక, తొట్టి అంచునకు పైన ఉండవలెనని గుర్తుంచుకొనవలెను. తొట్టి పొర్లి పారినప్పుడు సైతము నోరు మునుగకుండవలెను గదా!

దీనికి పెద్ద వ్యయమక్కరలేదు. పశువుల తొట్టి ప్రక్కన ఒక వెదురు గుంజయో, ఇనుప కొక్కెమో నాటి, గొట్టపు కొనను తొట్టి అంచుకన్న జానెడు ఎత్తున కట్టిన చాలును. డ్రమ్ములకును, గాబులకును అంచుపై పట్టు కొక్కెములు అమరింపవచ్చును. పని ముగిసినంతనే కుళాయి కట్టి, గొట్టమును విప్పి, చుట్టి గోడకు తగిలింపవలెను. నేలపై విడిచిన గొట్టము మురుగులో పడియుండును.

పైపులో నీటిని వెనుకకు పోనీయని నాన్‌రిటర్న్ వాల్వు కూడ అంగళ్లలో దొరకును. అది మేలే. కాని అందులో ఇసుక రేణువు చిక్కినను, రబ్బరు అరిగినను మూత సరిగా పడదు. పడనట్లు బయటికి తెలియదు. గాలి ఎడమునందు అరుగునది లేదు, చెడునది లేదు. కావున వాల్వు వేసినను ఎడమును మానరాదు.

మోటారు తగిలించుట

కుళాయికి గొట్టము తగిలించి, దాని కొనకు కరెంటు మోటారు బిగించి నీరు లాగుట కొన్ని గ్రామములలో కలదు. ఇందువలన రెండు విధముల కీడు. మోటారు ఉన్నవారికి నీరు చాలినంత వచ్చి, చివరి వీధివారికి చుక్క రాదు. మరియు మోటారు లాగునప్పుడు పైపులో పుట్టు లాగుడు వాల్వు కట్టినప్పటి లాగుడుకన్న బలమైనది. పైపునకు ఎచ్చట చిన్న సందున్నను దానిద్వారా చుట్టునున్న మురుగు లోపలికి పోవును. మురుగు కాలువ ప్రక్కగానో, అడుగుననో పోవు పైపులు మన వీధులలో ఎన్ని యున్నవో సభ్యులకు తెలియనిది కాదు.

మేడపై ట్యాంకు నింపుకొనదలచిన వారికి సరియైన మార్గము లేకపోలేదు. కుళాయి నీరు తనంతట తానుగా, గాలి ఎడముతో, మూతగల సంపులోనికి పడవలెను. ఆ సంపులో నుండి మోటారుతో మేడపైకి ఎక్కించుకొనవచ్చును. మోటారు లాగునది సంపులోని సొంత నీటినేగాని, ఊరి పైపులోని నీటిని కాదు.

కారుటను కొలచుట

చుక్కలుగా కారు నీరు ఎంతలే యని ఉపేక్షింతురు. కారు అతుకు క్రింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి చూడవలెను. అది పది నిమిషములకు నిండినచో గంటకు 1.2 లీటర్లు, దినమునకు 28.8 లీటర్లు. ఒక మనిషికి ఉద్దేశించిన 55 లీటర్లలో సగమునకు మించినది. మేడపై ట్యాంకు గల ఇండ్లలో రేయింబవళ్లు ఇట్లు కారును. అటువంటి ఇండ్లు నూరు ఉన్నచో దినమునకు 2,880 లీటర్లు. అనగా 52 మంది వాడుకొను నీరు. ఒక వాషరుతో పోవు నష్టమిది.

పంచాయతీ చేయదగిన పనులు

ఒకటి: వార్డు సభ్యుడు వాటర్‌మన్‌ను వెంటబెట్టుకొని తన వార్డులోని ప్రతి ఇంటికిని వెళ్లి చూడవలెను. పైపునకు కుళాయి ఉన్నదా? గొట్టపు కొన మునిగియున్నదా? పైపు నోరు గుంటలో నున్నదా? మోటారు తగిలించినారా? అతుకు కారుచున్నదా? ఈ అయిదు ప్రశ్నలకు జవాబులు ఒక పుస్తకమున వ్రాసికొనిన చాలును. మొదట మెరక వీధిని చూడుట మేలు. లాగుడు అచ్చటనే పుట్టును.

రెండు: మొదటి పర్యాయము ఎవరిని గద్దింపరాదు. తొట్టిలో గొట్టము వేయుట నేరమని వారెరుగరు. పీపా, గొట్టము తెచ్చి, రచ్చబండ వద్ద నీరు వెనుకకు ఎట్లు పోవునో రంగునీటితో చూపినచో ఉపన్యాసముకన్న ఎక్కువ పనిచేయును. సభ్యులు, సర్పంచి తమ యింటి గొట్టమును ముందుగా సరిచేసికొనుట మరింత ముఖ్యము.

మూడు: గ్రామసభలో తీర్మానము చేయవలెను. మునిగిన గొట్టము, కుళాయి లేని పైపు, గుంట కుళాయి, పైపునకు మోటారు, ఈ నాలుగును కూడవని అందరి సమక్షమున నిర్ణయించి, సరిచేసికొనుటకు గడువు ఇయ్యవలెను. గుంటలు పూడ్చునప్పుడు ఆ ఇండ్లకు నీరు ఎక్కుట లేదన్న మాటను త్రోసివేయక, గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరునకు తెలిపి, ఒత్తిడి చాలకుండుటకు కారణమును చూపించుకొనవలెను. కారణము తొలగింపకుండ గుంటను మాత్రము పూడ్చినచో మరల త్రవ్వుదురు.

నాలుగు: పంచాయతీ కార్యాలయమున కొన్ని వాషర్లు, టేపు చుట్టలు, అరంగుళపు కుళాయిలు నిలువ ఉంచవలెను. పట్టణమునకు పోయి తెచ్చుకొనువరకు కారనిచ్చుట ఇందువలన తప్పును. ఊరిలో చురుకైన యువకునకో, యువతికో ఈ పని నేర్పించినచో వారికి జీవనోపాధియు, గ్రామమునకు సౌకర్యమును కలుగును.

అయిదు: నీటిని పరీక్షింపవలెను. జలజీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామమున కనీసము అయిదుగురు స్త్రీలకు పరీక్ష పెట్టెతో నీటిని పరీక్షించుట నేర్పవలెనని నిర్ణయము. వారిచే ట్యాంకు వద్దనే గాక, పల్లపు వీధిలోని చివరి కుళాయి వద్దను పరీక్ష చేయింపవలెను. నీరు వదలిన వెంటనే వచ్చు మొదటి నీటిని ఒకమారు, కొంతసేపు పారిన పిమ్మటి నీటిని ఒకమారు చూడవలెను. ట్యాంకు వద్ద క్లోరిను ఉండి, చివరి కుళాయి వద్ద లేనిచో, నడుమ ఎచ్చటనో మాలిన్యము చేరుచున్నదని అనుమానింపవలెను. క్రిముల పరీక్షకిచ్చు చిన్న సీసాలోని నీరు ఒకటి రెండు దినములలో నల్లబడినచో ఆ నీరు త్రాగుటకు తగదు.

ఆరు: ఒకే వీధిలో పలువురికి విరేచనములుగాని, కామెర్లుగాని కనబడినచో వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తెలుపవలెను. నీటిని కాచి చల్లార్చి త్రాగవలెనని దండోరా వేయింపవలెను. వాటర్‌మన్‌తో పైపు మార్గము వెంట నడచి, మునిగిన గొట్టములను, కారు అతుకులను అదే దినమున వెదకింపవలెను.

ఊరి నీరు ఒక్కటే

బావి నుండి తోడుకొన్న దినములలో ఎవరి చేద వారిది, ఎవరి కడవ వారిది. ఐనను బావి గట్టుపై కాళ్లు కడుగరాదని, చెప్పులతో ఎక్కరాదని ఊరివారు కట్టుబాటు పెట్టుకొని పాటించిరి. నేడు ఊరందరి బావి భూమిలో పైపుగా మారి, ప్రతి ఇంటిలోనికి ఒక నోరు తెరచియున్నది. కంటికి కనబడనంత మాత్రమున అది ఉమ్మడి బావి కాకపోలేదు. ఎవరి యింటి తొట్టిలో మునిగిన గొట్టమైనను ఆ బావిలో మునిగినట్లే.

మెరక వీధిలోని గొట్టము జానెడు పైకెత్తి కట్టినచో పల్లపు వీధిలోని పసిబిడ్డకు ఆరోగ్యము చేకూరును. ఒక కొక్కెము, ఒక వాషరు, కొంచెము శ్రద్ధ, ఇవియే దీనికి కావలసినవి. రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చించి, వర్షాకాలము ప్రవేశింపక మునుపే ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని గొట్టములను చూచి రాగలడని ఆశించుచున్నాము.